మేనమామతో పెళ్ళి లేవీయకాండం 18 ప్రకారం తప్పా కాదా? ఇంట్లో ప్రధానం దాకా వచ్చేసింది

బ్రాడీపేట_అమ్మాయి:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, ముత్తాతల కాలం నుంచి లూథరన్ సంఘం. నాకు 24, బీఈడీ అయ్యి ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తున్నా. విషయం ఏంటంటే మా అమ్మ ఆఖరి తమ్ముడు, అంటే నా సొంత మేనమామ, ఆయనకి 32, మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాడు, నన్ను ఆయనకి ఇచ్చి చెయ్యాలని మా అమ్మమ్మకి నేను పుట్టినప్పటి నుంచి కోరిక, ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు పూర్తిగా అయిపోయి మంచం దిగట్లేదు, నా కళ్ళు మూసేలోపు జరగాలి అని పట్టు పట్టి కూర్చుంది, వచ్చే నెల ప్రధానం అనుకుని అయ్యగారితో (మా సంఘం పాస్టరుగారితో) కూడా మాట్లాడేశారు, నన్ను అడిగింది మాత్రం అన్నీ అయ్యాక.

మావయ్య చెడ్డోడేం కాదు, తాగడు, ఆదివారం ఆరాధన మానడు. కానీ నాకు సైకిల్ నేర్పింది ఆయన, మా సందులో వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తేవాడు, నేను పడి మోకాలు చీరుకుపోతే ఎత్తుకుని ఇంటికి తెచ్చి పసుపు పెట్టాడు. ఆ మనిషి పక్కన పెళ్ళికూతురిలా నిలబడాలి అనుకుంటేనే నాకు ఏదోలా ఉంటంది.

మా యూత్ కూటంలో ఒక ఫ్రెండ్ బైబిల్లో లేవీయకాండం 18:6 చూపించి రక్తసంబంధుల దగ్గరికి పోకూడదని దేవుడే చెప్పాడు, ఇది పాపం అంది. నేను ఆ అధ్యాయం మూడు సార్లు చదివా. మేనత్త ఉంది, తల్లి అక్కచెల్లెళ్ళు ఉన్నారు, కోడలు ఉంది, మేనకోడలు మాత్రం ఎక్కడా కనపళ్ళా. అమ్మని అడిగితే లేదు కాబట్టే తప్పు లేదు, మీ అమ్మమ్మ తాతయ్యలు కూడా మేనమామ మేనకోడలే, వాళ్ళు పాపం చేశారా అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. రాయలేదంటే చెయ్యొచ్చు అనా అర్థం? ఒకవేళ తప్పే అయితే మా అమ్మమ్మ తాతయ్యల సంగతేంటి, మా అమ్మ సంగతేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టకండి.


కొత్తపేట_మాస్టారు:

తల్లీ, వందనాలు. నేను ముప్పై ఏళ్ళ పైన సండే స్కూల్లో పెద్ద పిల్లలకి పాఠం చెప్పినోణ్ణి, ఈ అధ్యాయం వచ్చినప్పుడల్లా అందరూ గబగబా దాటేస్తారు, నువ్వు మూడు సార్లు చదివి ప్రశ్న అడిగావు, ముందు దానికి సంతోషం.

ఆ పట్టిక మొత్తం మగాడితో మాట్లాడుతుంది, అది మొదట గుర్తుపెట్టుకో. నీ తల్లి, నీ తండ్రి భార్య, నీ సహోదరి (ఒకే తండ్రికి పుట్టినా ఒకే తల్లికి పుట్టినా), మనవరాలు, మేనత్త, తల్లి అక్కచెల్లెళ్ళు, తండ్రి అన్నదమ్ముల భార్య, కోడలు, అన్నదమ్ముల భార్య, ఇంకా ఒక స్త్రీనీ ఆమె కూతుర్నీ ఇద్దర్నీ, భార్య బతికుండగా ఆమె సహోదరిని. వీళ్ళ దగ్గరికి పోవద్దని ఆజ్ఞ, అలా పోవడాన్నే మన పాత తెలుగు బైబిల్లో మానాచ్ఛాదనము తీయుట అంటారు. ఇప్పుడు చూడు, ఇందులో సొంత కూతురు అనే మాట విడిగా లేదు. లేదని ఎవడైనా కూతురితో పర్లేదంటాడా? అనడు, ఎందుకంటే 6వ వచనం లోనూ 17వ వచనం లోనూ అది వచ్చేసింది. కాబట్టి రాయలేదు కాబట్టి చెయ్యొచ్చు అని మీ అమ్మగారు అన్నమాట నిలబడదు.

అలాగని మీ ఫ్రెండ్ అన్నది కూడా పూర్తిగా నిలబడదమ్మా. రక్తసంబంధం అంటే చుట్టాలందరూ అనుకుంటే బైబిల్లోనే చిక్కొస్తుంది. సంఖ్యాకాండం చివరి అధ్యాయం తియ్యి, సెలోపెహాదుకి మగపిల్లలు లేరు, ఐదుగురు ఆడపిల్లలు, ఆస్తి వేరే గోత్రానికి పోకూడదని తమ గోత్రంలోనే చేసుకోమని మోషే చెప్తే వాళ్ళు తమ తండ్రి అన్నదమ్ముల కొడుకుల్నే చేసుకున్నారు. మన తెలుగువాళ్ళకి ఇది వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది, పెదనాన్న కొడుకంటే అన్నే కదా! అదే యాకోబు చేసుకున్న లేయా రాహేలు మేనమామ లాబాను కూతుళ్ళు, అది మనకి చక్కటి మేనరికం. అంటే మనం వావి అనుకునేది వేరు, వాళ్ళు వావి అనుకున్నది వేరు. బాబాయి పిల్లలకీ మేనత్త పిల్లలకీ మధ్య మనం గీసే గీత మోషే ధర్మశాస్త్రంలో లేనే లేదు. అబ్రాహాము సహోదరుడు నాహోరు తన ఇంకో సహోదరుడు హారాను కూతురు మిల్కాని చేసుకున్నాడు, మనలో అన్నదమ్ముల కూతురంటే సొంత కూతురితో సమానం.

ఇక నీ అసలు ప్రశ్న, మేనకోడలు. తల్లీ ఇది నువ్వొక్కదానివే అడిగిన ప్రశ్న కాదు, రెండు వేల ఏళ్ళ కిందట యూదులు ఇదే మాట మీద రెండుగా చీలిపోయి వాదించుకున్నారు. రబ్బీల (యూదు బోధకుల) దారిలో, వాళ్ళ గ్రంథం తల్మూదులో అయితే అక్కచెల్లెళ్ళ కూతుర్ని చేసుకోవడం మెచ్చుకోదగ్గ పని అని ఉంది. మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో 1947 నుంచి చుట్టలు దొరికాయి కదా, వాటిలో దమస్కు పత్రం అని ఒకటుంది, అది రాసిన గుంపువాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన ఏంటంటే, తల్లి సహోదరి దగ్గరికి పోవద్దని మోషే చెప్పాడు, ఆ ఆజ్ఞ మగవాళ్ళకి రాసినట్టు ఉన్నా ఆడవాళ్ళకి కూడా అదే వర్తిస్తుంది, కాబట్టి కొడుకు పిన్నిని చేసుకోకూడదంటే కూతురు మేనమామని కూడా చేసుకోకూడదు అని. తిప్పి చూడు, దూరం ఒకటే. నాకైతే ఆ వాదనే గట్టిగా కనపడుతుంది, కానీ ఇది నా అభిప్రాయం, వచనం కాదు, ఆ తేడా నీకు చెప్పకపోతే నేను మాస్టార్ని కాదు.

ఇంకోటి. యేసుప్రభువు కాలంలో గలిలయని ఏలిన హేరోదు అంతిప హేరోదియని పెట్టుకున్నాడు కదా. ఆవిడ అతని సహోదరుడి భార్య, అదొక్కటే కాదు, ఇంకో సవతి సహోదరుడైన అరిస్తొబూలు కూతురు కూడా, అంటే అతనికి కూతురి వరస. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రాణం పోగొట్టుకుంది ఆ పెళ్ళి తప్పని చెప్పినందుకే. ఆయన ఎత్తి చూపింది ఏంటి? నీ సహోదరుని భార్య అని. అన్న కూతురని ఎక్కడా అన్నట్టు సువార్తల్లో లేదు. ఈ వచనం పెళ్ళికి ఒప్పుకునేవాళ్ళూ వాడుకుంటారు, నీకు ముందే తెలిసుండాలి.


గుణదల_కొండకింద:

మాది విజయవాడ, మేము కథోలికులం. మాకు ఇది రూల్ లోనే ఉంది అక్కా. 1983 నాటి చర్చి చట్టంలో 1091వ నిబంధన, పక్క వరసలో నాలుగో అంతరం దాకా పెళ్ళి చెల్లదు. మేనబావ మరదలు నాలుగో అంతరం, మేనమామ మేనకోడలు మూడో అంతరం, రెండూ అడ్డంకిలోకే వస్తాయి. కాకపోతే మేత్రాణులు (బిషప్పుగారు) మినహాయింపు ఇవ్వొచ్చు, అన్నాచెల్లెళ్ళకి, తల్లిదండ్రులు పిల్లల వరసకి మాత్రం ఎవ్వరూ ఎప్పటికీ ఇవ్వలేరు. మా పెద్దక్కది మేనరికమే, ఫాదర్ గారు ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి నీకు ఇష్టమేనా, బలవంతం ఏమైనా ఉందా అని అడిగి రాసుకుని మేత్రాసనానికి పంపారు, అనుమతి వచ్చాకే మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదివారు. మీ అయ్యగారు నిన్ను విడిగా పిలిచి అడిగారా అక్కా? అది ముందు చూడు.


సత్యవాక్యం_పటమట:

మాస్టారు మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇంత మెత్తగా చెప్తే మన సంఘాలు మారవు. అమ్రాము తన మేనత్తయైన యోకెబెదును పెళ్ళి చేసుకున్నాడు, మోషే అహరోనులు ఆ ఇంట్లోనే పుట్టారు, నిర్గమ 6:20, అదే మోషే చేతుల మీదుగా దేవుడు మేనత్త వద్దు అని ఆజ్ఞ ఇచ్చాడు, అంటే సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం ఇవ్వకముందు జరిగింది వేరు తర్వాత వేరు, అబ్రాహాము సవతి చెల్లెల్ని చేసుకున్నాడని మనం చేసుకుంటామా. ఆ అధ్యాయం మొదట్లోనే ఐగుప్తు ఆచారం వద్దు కనాను ఆచారం వద్దు అన్నాడు, చివర్లో ఆ దేశం తన నివాసుల్ని కక్కేసింది అన్నాడు. మేనరికం మన అన్యాచారం, బాప్తిస్మం తీసుకున్నాం గానీ ఆస్తి బయటికి పోకూడదనే బుద్ధి వదల్లేదు. కొరింథులో ఒకడు తండ్రి భార్యని ఉంచుకుంటే పౌలు ఏమన్నాడు, సంఘం దుఃఖపడాల్సింది పోయి ఉప్పొంగిపోతున్నారు, వాణ్ణి వెలివెయ్యండి అన్నాడు. సిస్టర్, గట్టిగా వద్దు అని చెప్పండి, దేవుడు తోడుంటాడు.


కొత్తపేట_మాస్టారు:

తమ్ముడూ, నువ్వు చెప్పిన వచనాలన్నీ ఉన్నాయి, కాదనను. కానీ లేవీయకాండం 20వ అధ్యాయం కూడా చదువు, అన్నిటికీ ఒకే శిక్ష లేదు. తండ్రి భార్య, కోడలు అయితే ఇద్దరికీ మరణం. తల్లినీ కూతుర్నీ ఇద్దర్నీ చేసుకుంటే అగ్ని. సహోదరి అయితే జనం కళ్ళ ముందు కొట్టివేయబడాలి. మేనత్త, తల్లి సహోదరి దగ్గరికొచ్చేసరికి తమ దోషం తామే భరిస్తారు అని మాత్రమే ఉంది, బాబాయి భార్య అయితే సంతానం లేకుండా పోతారు అని. దేవుడే తేడా పెట్టి చెప్పినచోట, పట్టికలో పేరు కూడా లేని సంబంధాన్ని తెచ్చి కొరింథు వాడి పక్కన నిలబెట్టి ఆ పిల్ల అమ్మమ్మని పాపిష్టిది అనడం నావల్ల కాదు.

తల్లీ, మీ అమ్మమ్మ తాతయ్యల గురించి అడిగావు. యూదా తన కోడలు తామారు అని ఎరగక ఆమెతో పోయాడు, పుట్టిన పెరెసు మత్తయి మొదటి అధ్యాయంలో యేసుప్రభువు వంశావళిలో ఉన్నాడు. లోతు కూతుళ్ళ సంగతి తెలుసు కదా, ఆ మోయాబు సంతతిలోంచే రూతు వచ్చింది, ఆవిడా అదే వంశావళిలో ఉంది. పెద్దవాళ్ళు చేసింది తప్పో ఒప్పో, పుట్టిన బిడ్డ మీద దేవుడు మచ్చ వెయ్యలేదు. మీ అమ్మ మీద ఏ మచ్చా లేదు, ఆ భయం మనసులోంచి తీసెయ్.


తెనాలి_అమ్మ:

నాది మేనమామతో పెళ్ళే, 19 ఏళ్ళయింది, అందుకే రాస్తున్నా. మా ఆయన మంచివాడు, నాకు ఏ లోటూ చెయ్యలేదు, ముందు ఆ మాట చెప్పాలి. 18 ఏళ్ళకి చేశారు, నన్ను ఎవరూ అడగలా, నాకూ అడుగుతారని తెలియదు.

ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా. పెళ్ళయ్యాక మా అమ్మ నాకు ఆడపడుచు అయింది. మా అమ్మమ్మ అత్తగారు అయింది. మొదటి బాబు కడుపులో ఉన్నప్పుడు ఏదో చిన్న విషయానికి మా ఆయనతో గొడవైంది, బ్యాగ్ సర్దుకున్నా, గుమ్మం దగ్గర నిలబడ్డాక ఎక్కడికి పోవాలో అర్థం కాలా. అమ్మ దగ్గరికి పోతే అమ్మ నా తల్లా, ఆయన అక్కా? పోయి చెప్పుకుంటే మా తమ్ముడు అలాంటోడు కాదే అంటది, అన్నది కూడా. ఆడపిల్లకి పుట్టిల్లు ఒకటి అత్తిల్లు ఒకటి రెండు గడపలుంటాయి, నాకు రెండూ ఒకే గడప అయిపోయింది. ఆ బ్యాగ్ మళ్ళీ విప్పి చీరలు బీరువాలో పెట్టుకున్నా.

తర్వాత ఎప్పుడో మా సంఘంలో లేవీయకాండం వరసగా చదువుతుంటే అక్కాచెల్లెళ్ళని ఇద్దర్నీ ఒకడు చేసుకోవద్దు అనే వచనం వచ్చింది, అక్క బతికుండగా చెల్లెలు ఆమెకి సవతి కాకూడదని. అప్పుడు నాకు వెలిగింది. లేయా రాహేలు ఎంత ఏడ్చారు, ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లలు పుడతారని నమ్మే పుత్రదాత పండ్ల కోసం కూడా బేరాలాడుకున్నారు. ఆ ఆజ్ఞలు రక్తం గురించే అనుకునేదాన్ని, తోడబుట్టినవాళ్ళు తోడబుట్టినవాళ్ళుగానే మిగలాలి, తల్లి తల్లిగానే మిగలాలి అనే ఆలోచన కూడా అందులో ఉందని నాకు అనిపించింది. చదువుకున్నదాన్ని కాదు, తప్పుంటే మాస్టారు సరిచెయ్యండి.

డాక్టరమ్మ సంగతి కూడా చెప్పాలి. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ కాగితం మీద గీసి చూపించారు, మేనబావ మరదళ్ళ మధ్య జన్యువులు దాదాపు ఎనిమిదో వంతు కలుస్తాయంట, మేనమామ మేనకోడళ్ళకి నాలుగో వంతు, అంటే రెట్టింపు. అందరికీ ఏదో అవుద్దని కాదు, ఇద్దరిలో దాగున్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం పెరుగుద్ది అన్నారు. మా పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు, దేవునికి స్తోత్రం, కానీ ఆ తొమ్మిది నెలలూ నేను నిద్రపోలా.


చుట్టుగుంట_సిస్టర్:

నేను చెప్పేది ప్రశ్నకి కొంచెం పక్కకి పోతుందేమో, అయినా రాస్తా. మేము ఈ ఆజ్ఞల్ని ఎప్పుడూ పెళ్ళి సంబంధాల గురించే మాట్లాడతాం. ఆ పట్టికలో ఉన్నవాళ్ళందరూ ఎవరు? ఒకే కప్పు కింద పడుకునే ఆడవాళ్ళు. తల్లి, చెల్లెలు, కోడలు, వదిన, మనవరాలు. బయటోడు రాకుండా తలుపు గడియ పెట్టుకోవచ్చు, లోపలోడికి ఏ గడియ పెడతారు? దేవుడే ఆజ్ఞని గడియ లాగా పెట్టాడు అనుకుంటా నేను.

2 సమూయేలు 13 చదవండి. దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారు (మాస్టారు చెప్పిన యూదా కోడలు కాదు, వేరే ఆమె) మీద కన్నేసి రోగం నటించాడు, ఆ సలహా ఇచ్చింది కూడా పెదనాన్న కొడుకే. తండ్రి దావీదే తామారుని పంపాడు అన్నకి వండి పెట్టమని. ఆ పిల్ల వాడి ఎదురుగా కూర్చుని పిండి పిసికి అప్పాలు కాల్చింది. వద్దు అన్నా, ఇశ్రాయేలులో ఇలా చెయ్యరు, నేను ఈ అవమానంతో ఎక్కడికి పోతాను అని బతిమాలింది, వాడు వినలా, చెరిచాడు, తర్వాత బయటికి గెంటి తలుపు గడియ వేయించాడు. ఆ పిల్ల రంగుల అంగీ చింపుకుని నెత్తిన బూడిద పోసుకుని ఏడ్చుకుంటూ పోయింది. ఆ పిల్ల సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? ఊరుకో, వాడు నీ అన్నే కదా అన్నాడు. దావీదుకి తెలిసింది, చాలా కోపం వచ్చింది, అంతే, చేసింది ఏమీ లేదు. రెండేళ్ళ తర్వాత అబ్షాలోము అమ్నోనుని చంపించాడు, ఆ తర్వాత తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆ ఇల్లు కూలడం అక్కడే మొదలైంది.

ఊరుకో, మీ మావయ్యే కదా, మీ బాబాయే కదా, ఈ మాట నేను స్త్రీల సమాజంలో నా చెవులతో విన్నా, తొమ్మిదో క్లాసు పిల్ల విషయంలో. ఆ పిల్లని ప్రార్థన చేసుకో అని పంపేద్దాం అన్నారు పెద్దలు. మేం ఇద్దరం ఒప్పుకోలా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న 2012 పోక్సో చట్టంలో చేసినోడు రక్తసంబంధి అయితే శిక్ష ఎక్కువే గానీ తక్కువ కాదు, తెలిసి చెప్పకుండా దాచినోళ్ళకి కూడా శిక్ష ఉంది. బ్రాడీపేట చెల్లీ, మీ మావయ్యని నేను ఏమీ అనట్లేదు, నువ్వే మంచోడన్నావు. ఈ అధ్యాయం చదివేవాళ్ళు ఇది కూడా చదవాలని రాశా.


తెనాలి_అమ్మ:

సిస్టర్, ఆ పిల్ల ఇప్పుడెలా ఉంది?


చుట్టుగుంట_సిస్టర్:

హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుంది. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్తుంది.


సత్యవాక్యం_పటమట:

తెనాలి అమ్మగారు రాసింది రెండు సార్లు చదివా. నేను అన్యాచారం అని ఒక్క మాటలో కొట్టేశా, అందులో బతుకుతున్నవాళ్ళు ఇక్కడే ఉంటారని ఆలోచించలా. క్షమించండమ్మా. నా అభిప్రాయం మారలేదు గానీ అలా రాయకుండా ఉండాల్సింది.


బ్రాడీపేట_అమ్మాయి:

అందరికీ థాంక్స్, లేట్ అయింది, ఇంట్లో రెండు రోజులు గొడవగా ఉంది.

గుణదల తమ్ముడు అడిగింది చదివాక అయ్యగారి దగ్గరికి నేనే వెళ్ళా, ఒక్కదాన్నే. మీరు నన్ను అడగలేదు అయ్యగారూ అన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలా, మీ అమ్మ నీకు ఇష్టమే అని చెప్పింది అన్నారు. నాకు ఇష్టం లేదు అని చెప్పా, అది నోటితో అనడం అదే మొదటిసారి. పెళ్ళికూతురు ఒప్పుకోకుండా నేను ప్రకటన చదవను, ప్రధానం ఆపమంటా అన్నారు.

నిన్న సాయంత్రం మావయ్య నన్ను తీసుకెళ్ళడానికి స్కూల్ దగ్గరికి వచ్చాడు, ఎప్పటిలాగే. బండి ఎక్కకుండా అక్కడే చెప్పేశా, నాకు సైకిల్ నేర్పినోడివి నువ్వు, నాకు మావయ్యగానే కావాలి అన్నా. హ్యాండిల్ పట్టుకుని కింద చూస్తా నిలబడ్డాడు. నువ్వు ఒప్పుకున్నావని అక్క చెప్పింది అన్నాడు, అయ్యగారికి చెప్పినట్టే. తర్వాత ఎక్కు, అమ్మకి నేను చెప్తాలే అన్నాడు.

రాత్రి అమ్మమ్మకి చెప్పాడు. ఆవిడ ఏడ్చింది, నేను మీ తాతయ్యని చేసుకుంటే ఏమైంది అని అరిచింది, నేను మంచం పక్కన కూర్చుని ఏం కాలేదు అమ్మమ్మా, నీ మీద ఏ తప్పూ లేదు అని మాస్టారు రాసింది పెరెసు సంగతి రూతు సంగతి చెప్పా, ఆవిడ గోడ వైపు తిరిగిపోయింది. అమ్మ ఇంకా నాతో మాట్లాడట్లేదు. పొద్దున మాత్రం అమ్మమ్మ మోకాళ్ళకి ఆయింట్‌మెంట్ రాయమని నన్నే పిలిచింది.

మాస్టారూ, ఆ దమస్కు పత్రంలో ముక్క తెలుగులో వివరంగా రాసి పెట్టగలరా? అయ్యగారు చూడాలంటున్నారు, ఆదివారం తీసుకెళ్తా.